ఒప్పుకున్న కూలి న్యాయమైన కూలేనా?

నాట్ల రోజుల్లోనో, మిరప కోతల రోజుల్లోనో కూలి సంగతి వచ్చినప్పుడు మన ఊళ్లలో తరచుగా వినిపించే సమాధానం ఒకటి ఉంది. "నేనెవరినీ బలవంతం చెయ్యలేదండీ. ఇంత ఇస్తానన్నాను. సరేనని వచ్చారు. అన్న మాట ప్రకారం ఇచ్చాను. ఇందులో నా తప్పేముంది?" ఈ మాట అనేవాడు దుర్మార్గుడు కానక్కర లేదు. ఆదివారం తప్పకుండా దివ్యబలిపూజకు వచ్చేవాడూ, గుడి పండుగకు అడక్కుండానే చందా రాయించేవాడూ కావచ్చు. తన మాటలో న్యాయం ఉందని అతడు మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. అందుచేత ఆ మాటను కోపంతో కొట్టిపారెయ్యకుండా కాస్త నిదానంగా పరిశీలించడం మంచిది. కూలీ ఒప్పుకున్నంత మాత్రాన ఆ కూలి న్యాయమైనది అవుతుందా?

గోదావరికి వరద వచ్చి ఇంటి కప్పు మీద పిల్లలతో కూర్చున్న తల్లి దగ్గరకు ఒక పడవవాడు వచ్చాడనుకుందాం. "మెడలో గొలుసిస్తే ఎక్కించుకుంటాను" అన్నాడు. ఆమె ఇచ్చింది. ఇష్టపడే ఇచ్చింది, ఎవరూ లాక్కోలేదు. ఒప్పందం జరిగింది, ఇరువైపులా అమలైంది. అయినా ఆ పడవవాణ్ణి న్యాయవంతుడని ఊళ్లో ఒక్కరైనా అంటారా? అనరు. ఎందుకంటే ఆ తల్లి 'సరే' అన్న మాటలో ఆమె ఇష్టం లేదు. నీరు మాత్రమే ఉంది.

కూలీ ఇంట్లో వరద ఇంత భయంకరంగా కనిపించదు. అక్కడ ఉండేది ఖాళీ డబ్బా, కిరాణా కొట్టులో పాత బాకీ, పిల్లకు జ్వరం. రైతు పని ఒక వారం వాయిదా వేసుకోగలడు. కూలీ రెండు రోజులు వాయిదా వేసుకోలేడు. ఎండాకాలం పనులు లేని రోజుల్లో బేరం చేసేది ఒక మనిషీ ఇంకొక మనిషీ కాదు, గాదె ఉన్న ఇల్లూ గాదె లేని ఇల్లూ. ఆ బేరంలో కూలీ నోటి నుంచి వచ్చిన 'సరే'ను పట్టుకుని మన మనస్సాక్షికి రసీదు రాసుకోవడం సరికాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 13వ లియో పోపుగారు 1891 మే 15న 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖను వెలువరించినప్పుడు యూరప్‌లో యజమానులు సరిగ్గా ఈ వాదమే చేస్తూ ఉండేవారు. ఒప్పందం స్వేచ్ఛగా జరిగింది గనుక జీతం చెల్లించగానే యజమాని బాధ్యత తీరిపోయిందని వారి మాట. పోపుగారు దాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరి ఒప్పందం కన్నా ముందున్నదీ, పైనున్నదీ ప్రకృతి సిద్ధమైన న్యాయం ఒకటి ఉందనీ, పొదుపుగా బతికే పనివానికి తిండికి సరిపోని వేతనం న్యాయం కాదనీ చెప్పారు. గత్యంతరం లేకనో, ఇంతకన్నా ఘోరం జరుగుతుందన్న భయంతోనో కఠినమైన షరతులకు తల ఒగ్గిన పనివాడు బలవంతానికి గురైనవాడే అన్నారు. మన విచారణల్లో ఈ విశ్వలేఖ పేరు మే డే నాడు వినిపిస్తుంది గాని, అందులోని ఈ ఒక్క మాట మాత్రం పొలం గట్టు దాకా నడిచి రాలేదు.

సరిగ్గా ఇదే మాటను దాదాపు 90 ఏళ్ల తర్వాత మన సుప్రీంకోర్టు న్యాయ భాషలో చెప్పింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ క్రీడల కోసం స్టేడియాలు కడుతున్న కూలీలకు కనీస వేతనం అందడం లేదన్న కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు అది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, నిర్బంధ చాకిరిని నిషేధించింది. నిర్బంధమంటే కర్ర పట్టుకుని నిలబడడమేనా? కాదు, ఆకలి కూడా నిర్బంధమే అన్నది ఆ తీర్పు. కనీస వేతనానికి తక్కువగా ఇచ్చి చేయించుకునే పని నిర్బంధ చాకిరి కిందికే వస్తుందని తేల్చింది. మరుసటి సంవత్సరం, 1983లో, రాజస్థాన్‌లో కరువు పనులకు ప్రభుత్వం తక్కువ కూలి ఇస్తున్న కేసులోనూ ఆ కోర్టు అదే సూత్రాన్ని పాటించింది. కరువులో పని చూపించడమే ఉపకారం, దానికి పూర్తి కూలి ఎందుకన్న వాదం అక్కడ చెల్లలేదు. ఉపకారం పేరుతో బాకీని తగ్గించుకోవడం కుదరదని దాని సారం.

వెట్టి అనగానే మనం దొరల కాలం గుర్తు చేసుకుని నిట్టూరుస్తాం. కాని 1976 నాటి వెట్టి చాకిరి వ్యవస్థ నిర్మూలన చట్టం తెరిచి చూడండి. దేశంలో ఏయే పేర్లతో ఈ ఆచారం సాగుతోందో అందులో ఒక జాబితా ఇచ్చారు. ఆ జాబితాలో 'భాగేలా' ఉంది, 'జీత' ఉంది, 'వెట్టి' ఉంది, 'పాలేరు' కూడా ఉంది. పాలేరు అన్నది మనకు ఇంట్లో మనిషిని పిలిచినంత మామూలు మాట. మన తాతలనాటి కథల్లో నమ్మకానికి మారుపేరు ఆ పాలేరు. ఆ నమ్మకం వెనుక ఎంత అప్పు, ఎన్నేళ్ల తాకట్టు ఉండేదో కథ చెప్పేవారు చెప్పలేదు. పార్లమెంటు మాత్రం ఆ మాటను వెట్టి జాబితాలో రాసింది.

ఇక్కడే మన సంఘానికి ప్రత్యేకంగా తగిలే ఒక విషయం ఉంది. 1989లో వచ్చిన అట్రాసిటీల నిరోధక చట్టం షెడ్యూల్డు కులాలవారిచేత వెట్టి చేయించడాన్ని నేరంగా పేర్కొంది. కాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు. దళిత క్రైస్తవులకు నేటికీ వర్తింపజేయలేదు. అంటే ఒకే వాడలో, ఒకే పొలంలో, ఒకే మేస్త్రీ కింద పనిచేసే అన్నదమ్ముల పిల్లల్లో ఒకరికి ఆ చట్టం రక్షణ ఉంది, జ్ఞానస్నానం పొందినవానికి లేదు. పొలంలో ఎండ మాత్రం ఇద్దరికీ ఒకటే.

చట్టాల మాట వచ్చింది కనుక ఇంకొక్కటి చెప్పి ముందుకు పోదాం. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో మొదటి నుంచీ వ్యవసాయం ఉంది. ఆ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేస్తానని కూలీ స్వయంగా ఒప్పుకున్నా, సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులోనూ 60వ సెక్షన్ ఇదే అంటుంది. అంటే "వాళ్లే ఒప్పుకున్నారండీ" అన్న మాటకు చట్టంలో కూడా చోటు లేదు. ఐదేళ్లు దాటకుండా వేతనాలను సమీక్షించాలన్న నియమమూ పాత చట్టంలో ఉంది, కొత్తదానిలోనూ ఉంది. ఆ గడువులు దాటిపోతూ ఉండడమూ, తమ పనికి ప్రభుత్వం నిర్ణయించిన రేటెంతో కూలీకి తెలియకపోవడమూ మనకు అలవాటైపోయాయి. పంచాయతీ ఆఫీసు గోడ మీద ఎన్నో రాస్తారు, ఈ ఒక్క అంకె రాయడానికి సున్నం దొరకదు.

ఇంతవరకు ఎంత ఇవ్వాలన్నది చూశాం. ఎప్పుడు ఇవ్వాలన్నది ఇంకొక ప్రశ్న. దీని మీద పూర్వ నిబంధన చాలా ఖండితంగా ఉంది. ద్వితీయోపదేశ కాండము 24వ అధ్యాయం ప్రకారం పేదవాడైన కూలివాని కూలి ఆనాటి పొద్దు గుంకకముందే ముట్టాలి. అతడు స్వజాతివాడైనా, పరదేశి అయినా ఇదే నియమం. ఎందుకంత తొందర? అతని ప్రాణం ఆ కూలి మీదే పెట్టుకుని ఉన్నాడు గనుక. మన దగ్గర "సంత రోజున చూద్దాం", "పంట అమ్మగానే", "యార్డు నుంచి డబ్బు రాగానే" అనే మాటలు మామూలు. ఈ మాటలకు అసలు అర్థం ఏమిటో ఎప్పుడైనా ఆలోచించామా? పదిమంది ఆడకూలీలకు పది రోజుల కూలి ఆపితే, నూరు దినాల చెమటను వాళ్లు రైతుకు వడ్డీ లేకుండా అప్పిచ్చినట్టు. అదే రైతు పురుగుమందుల కొట్టులో తెచ్చిన అప్పుకు వడ్డీ కడతాడు, కూలీకి కట్టడు. ఆ కూలీ మాత్రం ఈ పది రోజులు గడవడానికి తెచ్చిన చేబదులుకు వడ్డీ కడుతుంది. ఊళ్లో అందరికన్నా లేనివాళ్లే అందరికన్నా చౌకగా అప్పు ఇస్తున్నారన్నమాట. కూలీ కూలిని ఎగ్గొట్టడాన్ని ఆకాశానికి మొరపెట్టే పాపాల్లో ఒకటిగా శ్రీసభ సంప్రదాయం లెక్కించింది. 1992లో వెలువడిన సత్యోపదేశం దాన్ని మళ్లీ పేర్కొన్నది. నరహత్య పక్కన దాన్ని ఎందుకు పెట్టారా అని చదువుకునే రోజుల్లో చాలామందికి సందేహం వస్తుంది. ఆగిన కూలితో ఒక ఇల్లు ఎలా గడుస్తుందో చూసినవారికి రాదు.

సువిశేషంలోని ద్రాక్షతోట కూలీల ఉపమానం అందరికీ తెలిసిందే. చివరి గంటకు వచ్చినవానికి కూడా యజమాని దీనారమే ఇచ్చాడు. ఆ ఉపమానం దేవుని రాజ్యాన్ని గురించి చెప్పిందే తప్ప కూలి రేట్లను గురించి కాదని వేదపండితులు హెచ్చరిస్తారు. నిజమే. కాని క్రీస్తునాథుడు ఆ పోలికను గాలిలోంచి తేలేదు. అడ్డా మీద నిలబడే మనుషులను ఆయన చూసి ఉండాలి. సాయంత్రం దాకా ఖాళీగా ఎందుకు నిలబడ్డారని అడిగితే, మమ్మల్నెవరూ పనిలో పెట్టుకోలేదని వాళ్లు చెప్పిన సమాధానంలో సోమరితనం లేదు. దీనారం అంటే ఆ రోజుల్లో ఒక దినం కూలి, ఒక ఇంటికి ఒక పూట గడిచే ఆధారం. గంటకింత అని కొలిస్తే ఆఖరివానికి చిల్లర వస్తుంది. అతని పిల్లల ఆకలి మాత్రం చిల్లరగా ఉండదు.

ఇప్పుడు రెండో వాదానికి వద్దాం. ఇది మొదటిదానికన్నా బరువైనది. "మీరు చెప్పిందంతా నిజమే. కాని నా దగ్గర లేదు. నేనూ కౌలుదారునే" అనే రైతు ఉన్నాడు. మన ప్రాంతంలో ఎక్కువగా ఉన్నది అతడే. ఎకరానికి ఇన్ని బస్తాలని పంట వెయ్యకముందే కౌలు కట్టాలి. బ్యాంకు అతని ముఖం చూడదు, ఎందుకంటే పాసు పుస్తకం భూస్వామి పేరున ఉంటుంది. విత్తనం, ఎరువు, మందు ధరలు కొట్టువాడు చెబుతాడు, పంట ధర యార్డులో వ్యాపారి చెబుతాడు. ఇన్నింటిలో అతడు 'ఇంతే ఇస్తాను' అనగలిగేది ఒక్క కూలీ దగ్గరే. అందుకని పైనుంచి వచ్చిన బరువంతా అక్కడ దించుతాడు. 2017లోనూ, మళ్లీ 2025లోనూ మిరప ధర పడిపోయినప్పుడు, కోత కూలి కూడా రాదని మొక్కల మీద కాయ వదిలేసిన రైతులున్నారు. అతణ్ణి దోపిడీదారు అని పిలవడానికి నాకు నోరు రాదు.

అయినా లేమి బాకీని రద్దు చెయ్యదు. కొట్టువాని బాకీని అది రద్దు చెయ్యనప్పుడు కూలీ బాకీని మాత్రం ఎలా చేస్తుంది? అయితే ఆ బాకీ ఒక్క రైతుదేనా అన్నది అసలు ప్రశ్న. 1981 సెప్టెంబరు 14న రెండవ జాన్ పాల్ పోపుగారు మానవ శ్రమను గురించి రాసిన విశ్వలేఖలో ఒక మంచి ఆలోచన ఉంది. పనివానికి ఎదురుగా కనిపించే యజమాని ఒకడుంటాడు. అతడు ఏ షరతుల మీద పని ఇవ్వగలడో నిర్ణయించే చట్టాలూ, ప్రభుత్వాలూ, సంస్థలూ, వ్యాపార పద్ధతులూ వెనుక ఉంటాయి. వీటిని ఆయన పరోక్ష యజమాని అన్నారు. మన మిరప తోటలో ఆ పరోక్ష యజమాని ఎవరు? ముందస్తు కౌలు తీసుకునే పట్నంలోని భూస్వామి. తరుగు తీసే వ్యాపారి. కౌలుదారుకు అప్పివ్వని బ్యాంకు. పంట ఖర్చు లెక్కగట్టేటప్పుడు, నిజంగా ఇచ్చిన కూలినే ఖర్చుగా తీసుకుని, ఆ కూలి న్యాయమా కాదా అని అడగకుండా మద్దతు ధర నిర్ణయించే ప్రభుత్వం. చివరికి, బియ్యం ధర పెరిగిందని సణిగే మనమూ. ఆ బాకీలో మనకూ కొంత వాటా ఉంది. ఇది రైతు వాటాను తగ్గించడానికి చెప్పిన మాట కాదు. చాలామంది ఈ ఆలోచనను ఆ పనికే వాడుకుంటారు గనుక చెబుతున్నాను. తన చేతిలో నుంచి పోయే కూలి గురించి రైతు జవాబు చెప్పుకోవాలి, తన చేతికి రానిదాని గురించి అతనితోబాటు కూలీలు కూడా పైవాళ్లను అడగాలి. రైతూ కూలీ కలిసి యార్డు గేటు దగ్గర నిలబడిన రోజు మాత్రం ఇంకా అరుదు.

మూడో వాదం ఈ మధ్యనే ఎక్కువైంది. "కూలీలెక్కడున్నారండీ? ఉన్నవాళ్లు చెప్పిందే రేటు." నాట్లు, కోతలు ముంచుకొచ్చే రెండు మూడు వారాల్లో ఇది నిజమే కావచ్చు. కాని ఒక్కటి గమనించండి. ఎండాకాలంలో కూలి పడిపోయినప్పుడు, గిరాకీని బట్టి ధర, అది లోకధర్మం అంటాం. నాట్లలో పెరిగినప్పుడు అదే గిరాకీని దురాశ అంటాం. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వల్ల బీహారు, ఉత్తరప్రదేశ్ కూలీలు రాలేక పంజాబులో స్థానిక కూలీలకు గిరాకీ పెరిగితే, అక్కడ కొన్ని గ్రామ పంచాయతీలు నాట్ల కూలి ఇంతకు మించరాదని తీర్మానాలు చేశాయి. 14వ శతాబ్దంలో మహామారి తర్వాత ఇంగ్లండు రాజు 1349లోనూ, పార్లమెంటు 1351లోనూ చేసింది ఇదే, కూలికి పైకప్పు వెయ్యడం. ఏడు వందల ఏళ్ల దూరంలో రెండు దేశాల పెద్దమనుషులకు ఒకే ఆలోచన వచ్చిందంటే అది యాదృచ్ఛికం కాదనుకుంటాను. స్వేచ్ఛగా కుదిరిన బేరం పవిత్రమైనదైతే కూలీ గెలిచిన బేరమూ పవిత్రమే కావాలి. కాదంటే అసలు సంగతి బేరం కాదు, ఎవరి మాట చెల్లాలన్నది.

ఆడకూలీల విషయం ఈ మూడు వాదాల్లో దేనికీ లొంగదు. నాటు వేసేది, కలుపు తీసేది, మిరప కోసేది ఎక్కువగా వాళ్లే. వంగిన నడుం ఎత్తకుండా బురదలో ఎనిమిది గంటలు చేసే పనిని 'తేలిక పని' అని పేరు పెట్టి కూలి తగ్గించాం. 1976 నాటి సమాన వేతన చట్టం వచ్చి ఒక తరం దాటింది. "ఆడవాళ్ల పని వేరు, మగవాళ్ల పని వేరు" అన్న ఒక్క మాటతో ఊరు ఆ చట్టాన్ని తప్పించుకుంది. ఉపాధి హామీ పనుల్లో మాత్రం మగవానికీ ఆడదానికీ ఒకే కొలత, ఒకే రేటు అన్నారు. అక్కడ ఆడకూలీలు బారులు తీరడానికి కారణం వెతకనక్కర లేదు.

ఆ పథకం గురించి ఇక్కడ ఆగాలి, ఎందుకంటే మన ప్రశ్నకు అసలైన జవాబు దాని చుట్టూ ఉంది. కూలీ 'సరే'కు విలువ రావాలంటే, ముందు అతనికి 'కాదు' అనగలిగే శక్తి ఉండాలి. 'కాదు' అంటే ఇంకెక్కడో ఏదో ఒక పని ఉండాలి. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం చేసింది అదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. ఏడాదికి ఇంటికి నూరు రోజుల పని. చెరువు పూడిక, గట్లు, కాలువలు ఏవైనా కావచ్చు, కాని రైతు దగ్గర బేరమాడుతున్న ఆడకూలీ వెనుక ఇంకొక తలుపు తెరిచి ఉందన్నది ముఖ్యం. మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ అని మస్టర్లను గ్రామసభలో పైకి చదివి వినిపించే పద్ధతి పెట్టారు. తన పేరున ఎన్ని దినాలు రాశారో, ఎంత తీశారో చదువు రాని మనిషి చెవులారా వినడం మన పల్లెల్లో కొత్త సంగతి.

లోపాలు లేవని కాదు. 2009 నుంచి కేంద్రం ఈ పనులకు రేటు వేరుగా నిర్ణయించడంతో చాలా రాష్ట్రాల్లో అది వ్యవసాయ కనీస వేతనం కన్నా తక్కువైపోయింది. 1983లో కోర్టు కాదన్న పనినే ప్రభుత్వం చట్టం పేరుతో చేసింది. 15 రోజుల్లో రావలసిన కూలి నెలలు ఆగడం చాలామందికి అనుభవమే. పొద్దు గుంకకముందే ఇవ్వమన్న నియమాన్ని ఒక రైతుకు బోధించి ప్రభుత్వాన్ని వదిలెయ్యలేం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరొక చట్టాన్ని ఆమోదించింది. నూరు రోజులు 125 అయ్యాయి. అదే సమయంలో విత్తనాలు, కోతలు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు ఈ పనులు ఆపాలన్న నిబంధన వచ్చింది. రైతుకు కూలీలు దొరకాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కాని కూలీకి 'కాదు' అనే బలం ఎక్కువగా ఉండే రోజులు సరిగ్గా అవే. ఆ రోజుల్లో రెండో తలుపు మూస్తే కూలీ ఎటు పోవాలో తెలిసిందే.

రెండో తలుపు లేని మనుషులు ఎలా ఉంటారో చూడాలంటే సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరప తోటలకు రండి. కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. పొలం పక్కనే గుడారాలు, పిల్లలు బడి మానేసి తల్లి కొంగు వెంట. చాలామంది ముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లు. ఆ డబ్బు ఊళ్లో పెళ్లికో, ఆస్పత్రికో అయిపోయింది. కోత రేటు ఎంతో తేలేది ఇక్కడికి వచ్చాక. తిన్న డబ్బుకు పని చేస్తున్నవాడు రేటు దగ్గర ఏం మాట్లాడతాడు? చట్టం ముందు ఇది వెట్టి అవునో కాదో లాయర్లు వాదించుకోవచ్చు. నా వరకు, ఆ గుడారం పడవవాని కథలోని ఇంటి కప్పులాగే కనిపిస్తుంది.

'కాదు' అనే శక్తికి ఇంకొక మార్గం కలిసికట్టుగా నిలబడడం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు, సొంతంగా సాగు చేసేవారు 11.9 కోట్లు. ఇంత పెద్ద సంఖ్య ఒక్క గొంతుతో మాట్లాడలేకపోవడానికి, చెదిరిన పొలాలూ, చెదిరిన పనిదినాలూ, కులం గీతలూ కారణాలు. భయం కూడా ఒక కారణం. ఆ భయం ఊహ కాదు. 1968లో తమిళనాడు తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో దళిత కూలీలు కోతకు మరికొంత ధాన్యం కూలిగా అడిగారు, జెండా కింద సంఘంగా నిలబడ్డారు. డిసెంబరు 25 రాత్రి, ఒక గుడిసెలో తలదాచుకున్న 44 మందిని తగలబెట్టారు. వారిలో ఎక్కువమంది స్త్రీలూ, పిల్లలే. కింది కోర్టు శిక్షించిన భూస్వాములను 1973లో మద్రాసు హైకోర్టు విడుదల చేసింది. అంత ఆస్తిపరులు స్వయంగా వెళ్లి నిప్పు పెట్టారంటే నమ్మేలా లేదన్న తర్కం కూడా ఆ తీర్పులో ఉంది. మనం గుళ్లో బాలయేసును పశువుల తొట్టిలో పడుకోబెట్టి పాటలు పాడే రాత్రే అది. పది గింజలు ఎక్కువ అడగడానికి ఎంత ధర పలికిందో ఆ రాత్రి చెబుతుంది. వాళ్లు ఒప్పుకుని ఉంటే బతికేవాళ్లు. "వాళ్లే ఒప్పుకున్నారండీ" అన్న మాట వినపడినప్పుడు నాకు ఆ ఊరు గుర్తుకొస్తుంది.

మన ఇంటి సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. మన విచారణల్లో పొలం ఉన్నవారూ, ఆ పొలంలో పనిచేసేవారూ ఒకే బల్ల దగ్గర దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. శనివారం కూలి దగ్గర తేడా వచ్చిన ఇద్దరు ఆదివారం ఒకరికొకరు సమాధానం చెప్పుకుంటారు. పాపసంకీర్తనంలో అబద్ధాలూ, కోపాలూ, పూజ తప్పడాలూ వినిపిస్తాయి. కూలి తక్కువ ఇచ్చానన్న పాపం ఎంత అరుదుగా వినిపిస్తుందో గురువులు తమలో తాము ఆలోచించుకోవచ్చు. మన సంస్థలకు పొలాలూ, తోటలూ ఉన్న చోట, మన బడుల్లో, హాస్టళ్లలో వంట చేసేవారికీ, ఊడ్చేవారికీ ఇచ్చేది సేవ పేరుతో తగ్గించకుండా ఇస్తున్నామా అన్నది కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ఇతరులను అడిగే ముందు ఆ పుస్తకం తెరిచి పెట్టడం మర్యాద.

కోతలు అయ్యాక మన గుళ్లలో చాలాచోట్ల పంట కానుకలు తెచ్చే ఆచారం ఉంది. వరి కంకులు, ధాన్యం బస్తా, గుమ్మడికాయలు పీఠం ముందు పెడతారు. సోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్న క్రీస్తునాథుని ఉపదేశం ఆ సందర్భానికి సరిగ్గా అతుకుతుంది. బస్తా దించుకునే ముందు ఆ ధాన్యం కోసినవారి కూలి లెక్క తేలిందా అని అడిగే విచారణ మన మేత్రాసనంలో ఎక్కడైనా ఉందా? ఉంటే అక్కడి పెద్దలు దాన్ని ఎలా మొదలుపెట్టారో, ఎవరైనా అలిగి కానుక తిరిగి తీసుకుపోయారా, తర్వాత ఏమైందో ఈ పత్రికకు రాస్తే రాబోయే కోతల కాలానికి మిగతా విచారణలకు ఉపయోగపడుతుంది.